'సూన్' అంటే ఎప్పుడు?

పోయిన ఎపిసోడ్ చివర్లో "నెక్స్ట్ ఎపిసోడ్ సూన్" అని చెప్పి వెళ్ళిపోయాను. అది చెప్పి ఇవాళ్టికి ఐదు వారాలైంది. తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు, తప్పు నాదే. అయితే ఈ ఐదు వారాల్లో నేను ఆలోచించింది కూడా ఆ మాట గురించే. సూన్ అంటే ఎప్పుడు? ఆ మాటకి ఒక చరిత్ర ఉంది. అది తెలిశాక నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఇవాళ ఆ రెండు కథలూ కలిపి చెప్తాను.

ముందు తాతయ్య సంగతి. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఆఫీసు పేరు అనవసరం. సర్వీసు రిజిస్టరులో ఆయన పుట్టినతేదీ ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా పడింది. దాంతో రావాల్సిన ఎరియర్స్ ఆగిపోయాయి. అర్జీ పెట్టుకున్నాడు. జవాబులు ఇంగ్లిష్‌లో వచ్చేవి. ఊళ్ళో ఇంగ్లిష్ వచ్చినవాళ్ళని అడిగితే మన సంగతులన్నీ బయటపడతాయని ఆయన భయం. అందుకని ఉత్తరం రాగానే నన్ను పిలిచేవాడు. నేనప్పుడు తొమ్మిదో క్లాసు, తెలుగు మీడియం. "ఒరేయ్ చిన్నోడా, ఏం రాశారో చూడరా" అని కళ్ళజోడు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చునేవాడు. కళ్ళజోడు ఆయనకెందుకో నాకు అర్థమయ్యేది కాదు, చదివేది నేను కదా.

ఆ ఉత్తరంలో చివరి వాక్యం నాకిప్పటికీ గుర్తుంది. మీ అర్జీ పరిశీలనలో ఉంది, నిర్ణయం "ఇన్ డ్యూ కోర్స్" తెలియజేస్తాం అని. నాకు డ్యూ తెలీదు, కోర్స్ అంటే కంప్యూటర్ కోర్సు అనుకున్నాను. స్కూలు డిక్షనరీ తీసి చూస్తే "తగిన కాలంలో" అని ఉంది. తగిన కాలం అంటే సరైన టైముకి అనే కదా! "తాతయ్యా, త్వరలోనే వస్తుందంట" అని చెప్పేశాను. ఆయన ఆ సాయంత్రం నాయనమ్మతో ఇంటి పైకప్పు రిపేరు గురించి మాట్లాడాడు.

తాతయ్య కథ మళ్ళీ చెప్తాను. ముందు మాటల దగ్గరికి వెళ్దాం.

ఇంగ్లిష్‌లో ఒక పనికి చాలా టైము అవుతుంది అని చెప్పాలంటే మొదట నేర్పేది "టేక్". ఇట్ టేక్స్ టూ అవర్స్. ఇక్కడ నాకు ఒక చిన్న కంప్లయింట్ ఉంది. తెలుగు మీడియంలో చదివినవాళ్ళని "మీరు తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో మాట్లాడతారు, అందుకే తప్పులు" అని అందరూ అంటారు. ఈ ఒక్క విషయంలో తెలుగులో ఆలోచిస్తేనే కరెక్ట్ వస్తుంది. మనం ఏమంటాం? రెండు గంటలు పట్టింది. పట్టడం అంటే చేత్తో పట్టుకోవడం. టేక్ కూడా అంతే. హిందీలో అయితే గంటలు "లగ్తే హైఁ", అంటే అంటుకుంటాయి. మనకీ ఇంగ్లిష్ వాళ్ళకీ మాత్రం టైము మనిషిని పట్టుకుంటుంది. శని పట్టింది, తుప్పు పట్టింది, దయ్యం పట్టింది, రెండు గంటలు పట్టింది. అదే వరస.

ఇంకా విచిత్రం ఏంటంటే టేక్ అసలు ఇంగ్లిష్ మాట కాదు. 793లో లిండిస్‌ఫార్న్ అనే దీవిలో ఉన్న మఠం మీద వైకింగులు పడ్డారు, స్కూలు పుస్తకాల్లో ఇంగ్లండ్ మీద వైకింగుల దాడులంటే అక్కడి నుంచే మొదలుపెడతారు. తర్వాత వాళ్ళు వచ్చి దోచుకుని పోవడం మానేసి అక్కడే పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. 1016లో డెన్మార్క్ రాకుమారుడు క్నూట్ ఏకంగా ఇంగ్లండ్‌కి రాజయ్యాడు. వాళ్ళ భాష నోర్స్. ఎగ్, స్కై, విండో, చివరికి "దే" అనే సర్వనామం కూడా ఆ భాష నుంచి వచ్చినవే. అందులోనే "టాకా" అనే మాట ఉంది, పట్టుకోవడం, తాకడం అని అర్థం. అదే టేక్ అయింది.

అంతకుముందు ఇంగ్లిష్ వాళ్ళకి తీసుకోవడానికి వేరే మాట ఉండేది, "నిమన్" అని. జర్మన్ నేర్చుకున్నవాళ్ళకి నేమెన్ తెలుసు కదా, దాని చుట్టమే. టేక్ వచ్చాక నిమన్ మెల్లగా చచ్చిపోయింది. పూర్తిగా చావలేదు, ఒక ముక్క మిగిలింది. అది "నమ్". కాలు నమ్ అయింది అంటారే, అది. నిమన్‌కి భూతకాల రూపం అది, అసలు అర్థం "పట్టబడినది". మరి మనమేమంటాం? కాలు తిమ్మిరి పట్టింది! ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి ఒక రౌండు తిరిగాను. రెండు భాషలకీ చుట్టరికం లేదు, ఒకరి నుంచి ఒకరు తీసుకున్నదీ లేదు. మనుషుల కాళ్ళు ఒకలాగే తిమ్మిరెక్కుతాయి, అంతే.

సరే, ఇప్పుడు సూన్.

వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లిష్‌లో ఆ మాట "సోనా". అర్థం ఏంటో తెలుసా? వెంటనే. ఇప్పటికిప్పుడే. "త్వరలో" కాదు, "కాసేపట్లో" కాదు. రాజుగారు సోనా రమ్మన్నారంటే చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. కానీ మనుషులు పరిగెత్తరు కదా. "సోనా వస్తున్నా" అని అక్కడే కూర్చుంటారు. ఒకడు అలా చేస్తే అబద్ధం. ఊరంతా రెండు మూడు వందల ఏళ్ళు అలా చేస్తే డిక్షనరీలో అర్థం మారిపోతుంది. సూన్‌కి అదే జరిగింది. పాత అర్థం ఇప్పటికీ ఒక్క చోట దాక్కుని ఉంది: "యాజ్ సూన్ యాజ్". నువ్వు రాగానే, నువ్వు వచ్చిన వెంటనే. అక్కడ మాత్రం సూన్ ఇంకా నిజమే చెప్తుంది.

ఇది ఒక్క మాటకి జరిగి ఉంటే పోనీలే అనుకోవచ్చు. సూన్ పాడైపోయాక "వెంటనే" అని చెప్పడానికి ఇంకో మాట కావాల్సి వచ్చింది. అలా వాడుకున్న వాటిలో "ఎనాన్" ఒకటి. పాత ఇంగ్లిష్‌లో "ఒక్కటిలోకి" అనే మాటల నుంచి వచ్చింది, ఒక్క దెబ్బలో, ఒక్కసారిగా అన్నట్టు. అదీ సాగిపోయింది. ఎంత సాగిపోయిందో చూడాలంటే షేక్‌స్పియర్ దగ్గరికి వెళ్ళాలి. 1590ల్లో రాసిన నాలుగో హెన్రీ నాటకం మొదటి భాగంలో ఒక సీను ఉంది. లండన్‌లో ఒక సారాయి దుకాణం. అక్కడ ఫ్రాన్సిస్ అని పనికుర్రాడు. యువరాజు హ్యాల్‌కి పనీపాటా లేదు, ఈ కుర్రాడితో ఆటాడుకోవాలనిపించింది. తను వాణ్ణి కబుర్లలో పెడతాడు, పక్క గదిలోంచి స్నేహితుడు "ఫ్రాన్సిస్! ఫ్రాన్సిస్!" అని కేకలేస్తుంటాడు. వాడు కేక వచ్చిన ప్రతిసారీ ఎనాన్ అంటాడు, కదలడు. యువరాజుని వదిలి వెళ్ళలేడు, అవతల కస్టమర్‌ని ఆపలేడు. చివరికి రెండు వైపుల మధ్యా బిక్కచచ్చి నిలబడిపోతాడు. పొద్దున ఎనిమిదిన్నరకి మన టిఫిన్ సెంటర్‌లో కూర్చుంటే ఇదే సీను. "అన్నా, చట్నీ!" అంటే "వస్తున్నా సార్!" అంటాడు. ఆ వస్తున్నా అబద్ధమని వాడికీ తెలుసు, మనకీ తెలుసు. అయినా ఆ మాట అనకపోతే మనకి కోపం వస్తుంది.

నాకా సీను చదివినప్పుడు నవ్వు వచ్చింది కానీ కాసేపటికి ఫ్రాన్సిస్ మీద జాలేసింది. ఆలస్యం చేసేవాడు ఎప్పుడూ సోమరి కాదు. చాలాసార్లు ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇరుక్కున్న చిన్నవాడు.

మన "ఆలస్యం" మాత్రం ఈ విషయంలో కఠినం. సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనం, హిందీలో ఆలస్ అన్నా అదే. తెలుగులోకి వచ్చేసరికి లేటు అని అర్థం వచ్చింది. అంటే బస్సు లేటైనా, వాన వల్ల లేటైనా, మనం వాడే మాటలో పాతకాలం తిట్టు ఒకటి ఉండిపోయింది. నువ్వు లేటు, కాబట్టి నువ్వు బద్ధకస్తుడివి.

ఇంగ్లిష్ లిస్టు ఇంకా అవలేదు. "బై అండ్ బై" అంటే ఇప్పుడు మెల్లగా, పోగా పోగా అని. 1611లో కింగ్ జేమ్స్ బైబిల్ వచ్చినప్పుడు అందులో ఈ మాట వెంటనే అనే అర్థంలో ఉంది. హేరోదు ముందు నాట్యం చేసిన అమ్మాయి యోహాను తలని పళ్ళెంలో పెట్టి ఇమ్మని అడిగే చోట చూడండి. ఆ అమ్మాయి అడిగింది ఇప్పుడే ఇమ్మని. ఈ కాలం ఇంగ్లిష్ తెలిసినవాడు అది చదివితే "తీరిక చూసుకుని ఇవ్వండి" అన్నట్టు ఉంటుంది. అందుకే తర్వాత వచ్చిన అనువాదాల్లో ఆ మాట మార్చేశారు. "ప్రెజెంట్‌లీ" కథా అంతే, అది కూడా ఒకప్పుడు వెంటనే. తర్వాత బ్రిటన్‌లో కాసేపట్లో అయింది. మన ఆఫీసుల్లో "సార్ ప్రెజెంట్‌లీ లీవ్‌లో ఉన్నారు" అంటే ఇప్పుడు అని అర్థం. అది తప్పని కొందరు వెక్కిరిస్తారు కానీ ఆ అర్థం కూడా వందల ఏళ్ళ నాటిదే. సౌత్ ఆఫ్రికాలో "జస్ట్ నౌ" అంటే తర్వాత ఎప్పుడో అని. అక్కడ ఎవరైనా జస్ట్ నౌ వస్తా అంటే మీరు భోజనం చేసేయండి.

మన హైదరాబాదీ "పర్సోఁ" కూడా తక్కువేం కాదు. అసలు అర్థం మొన్న. హైదరాబాద్‌లో అది మొన్న కావచ్చు, పోయిన సంవత్సరం కావచ్చు, చార్మినార్ కట్టినప్పుడూ కావచ్చు.

అంటే చూడండి, వెంటనే అన్న మాటలు జారిపోయి తర్వాత అయిపోయాయి. సూన్, ఎనాన్, బై అండ్ బై, ప్రెజెంట్‌లీ, నాలుగూ ఒకే వైపు జారాయి. "తర్వాత" అనే మాట ఎక్కి ఎక్కి "వెంటనే" అయిన కేసు నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

టైము చాలా అవుతుందని నిజాయితీగా చెప్పే మాటలు లేవా అంటే ఉన్నాయి. అవి పల్లెటూళ్ళలో, సారాయి దుకాణాల్లో పుట్టినవి. "ఆవులు ఇంటికొచ్చే దాకా" అనేది 400 ఏళ్ళ పైనుంచీ ఉంది. మేతకి వెళ్ళిన ఆవు పాలు పితికే వేళకి తన తీరు చూసుకుని వస్తుంది, మనం తొందరపెడితే రాదు. గేదెలు ఉన్న ఇళ్ళవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. "ఆదివారాల నెల" ఇంకోటి. నెలంతా ఆదివారాలే ఉంటే ఆ నెల పూర్తవడానికి ముప్ఫై వారాలు కావాలి కదా. పైగా ఆ రోజుల్లో ఆదివారం అంటే ఆటల్లేవు, పాటల్లేవు, చర్చికి వెళ్ళి వచ్చి కదలకుండా కూర్చోవడం. పిల్లలకి ఒక్కటే యుగంలా ఉండేది, ముప్ఫై అంటే ఇక చెప్పేదేముంది.

నాకు ఇష్టమైంది మాత్రం "డాంకీస్ ఇయర్స్". గాడిద సంవత్సరాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చింది. గాడిద ఎక్కువ కాలం బతుకుతుందని కాదు. గాడిదకి పొడుగ్గా ఉండేవి చెవులు. ఇయర్ అంటే చెవి, ఇయర్ అంటే సంవత్సరం. మా ఇంగ్లిష్ సార్ ఈ రెండూ వేరేవేరుగా పలకాలని మమ్మల్ని గోడకుర్చీ వేయించాడు. ఒకదానికి ముందు "య" ఉందిరా అని ఎంత అరిచినా మా క్లాసులో అందరికీ చెవీ సంవత్సరమూ ఒకటే. తర్వాత తెలిసింది, ఆ రెండూ కలిసిపోతేనే ఈ జోకు పేలుతుందని. మన ఏళ్ళూ పూళ్ళూ దీని ముందు కొంచెం డీసెంట్‌గా ఉంటుంది.

ఇక ఆఫీసు ఇంగ్లిష్. దానికి ఈ నిజాయితీ లేదు.

1215లో ఇంగ్లండ్ రాజు జాన్ మీద జమీందార్లు తిరగబడి మాగ్నా కార్టా రాయించుకున్నారు. అందులో నలభయ్యో క్లాజు చాలా చిన్నది. న్యాయాన్ని ఎవరికీ అమ్మం, ఎవరికీ కాదనం, ఎవరికీ ఆలస్యం చెయ్యం అని. అంటే 800 ఏళ్ళ క్రితమే ఆలస్యాన్ని లంచంతో సమానంగా పెట్టారు. మరి ఆరు వందల ఏళ్ళ తర్వాత పరిస్థితి ఏంటి? లండన్‌లో ఛాన్సరీ అని ఒక కోర్టు. వీలునామాలు, ఆస్తుల తగాదాలు అక్కడికి వెళ్ళేవి. వెళ్ళేవి గానీ తిరిగొచ్చేవి కావు. 1798లో విలియం జెన్నెన్స్ అని ఒక కోటీశ్వరుడు చనిపోయాడు. జేబులో వీలునామా ఉంది, దాని మీద సంతకం లేదు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి లాయరు దగ్గరికి వెళ్ళాడని, అందుకే సంతకం పెట్టలేదని చెప్తారు. ఆ ఆస్తి కోసం చుట్టాలమంటూ వచ్చినవాళ్ళు వేసిన దావాలు ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచాయి. ఆస్తి లాయర్ల ఫీజులకి కరిగిపోయింది.

చార్లెస్ డికెన్స్ కుర్రతనంలో కోర్టుల్లో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా పనిచేశాడు. పెద్ద రచయిత అయ్యాక 1844లో తనే ఛాన్సరీకి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన క్రిస్మస్ కథని ఒక పత్రికవాళ్ళు పైరసీ చేశారు. కేసు గెలిచాడు. పైరసీ చేసినవాళ్ళు దివాళా తీశారు, ఖర్చులు గెలిచినాయన నెత్తినే పడ్డాయి. ఆ మంటంతా 1852, 53ల్లో నెలనెలా వచ్చిన బ్లీక్ హౌస్ నవలలో కనిపిస్తుంది. అందులో జార్న్‌డిస్ కేసు అని ఒకటి నడుస్తుంటుంది. అది ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తుండదు. రిచర్డ్ అని ఒక మంచి కుర్రాడు, ఈ కేసు తేలితే నా జీవితం సెటిల్ అన్న ఆశతో చదువు వదిలేస్తాడు, ఉద్యోగాలు వదిలేస్తాడు. ఒకరోజు కేసు నిజంగానే ముగుస్తుంది, ఎందుకంటే ఆస్తి మొత్తం కోర్టు ఖర్చులకే అయిపోయింది. రిచర్డ్ ఆ దెబ్బకి చచ్చిపోతాడు. ఆ నవల నేను డిగ్రీలో చదివాను. రిచర్డ్ పోయిన చోట పుస్తకం మూసేసి రెండు రోజులు తెరవలేదు.

ఆ నవల వస్తున్న కాలంలోనే, 1850ల మొదట్లో, మద్రాసులో సి.పి. బ్రౌన్ గారి నిఘంటువులు అచ్చయ్యాయి. తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి ఒకటి, ఇంగ్లిష్ నుంచి తెలుగుకి ఒకటి. కడపలో, రాజమండ్రిలో, మచిలీపట్నంలో పనిచేసిన కంపెనీ ఉద్యోగి ఆయన. దొరల మాట జనానికి, జనం మాట దొరలకి అర్థం కావాలన్నది ఆయన తపన. నూటయాభై ఏళ్ళు దాటాక కూడా తెలుగు ఆఫీసు నుంచి తెలుగు అటెండరుకి ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వచ్చిందంటే బ్రౌన్ గారు ఏమనేవారో!

నిఘంటువంటే గుర్తొచ్చింది. సూన్ అంటే ఒకప్పుడు వెంటనే అనే సంగతి మనకి ఎలా తెలిసింది? ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వల్ల. ప్రతి మాటా ఏ కాలంలో ఏ అర్థంలో వాడారో పాత పుస్తకాల్లోంచి వాక్యాలు ఏరి చూపించాలని 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీవాళ్ళు అనుకున్నారు. మొదటి ఎడిటర్ హెర్బర్ట్ కోల్‌రిడ్జ్ 1861లో ముప్ఫై ఏళ్ళకే టీబీతో పోయాడు. తర్వాత చాలా ఏళ్ళు పని నత్తనడక నడిచింది. 1879లో జేమ్స్ మరే అనే స్కూలు టీచర్‌తో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ఒప్పందం రాసుకుంది. పదేళ్ళలో పూర్తి చేస్తాం అని. ఆయన ఇంటి ఆవరణలో రేకుల షెడ్డు వేయించి, గోడల నిండా గూళ్ళు పెట్టించి, ఊళ్ళ నుంచి జనం పోస్టులో పంపే లక్షల చీటీలని వాటిలో సర్దించాడు. అంతకుముందు పోగైన చీటీలు కొన్ని ఎక్కడెక్కడో పడి ఉండేవి. "పి ఎ"తో మొదలయ్యే మాటల చీటీలు ఐర్లండ్‌లో ఒక గుర్రపుశాలలో దొరికాయి, కొన్ని అప్పటికే పొయ్యి రాజేసుకోవడానికి వాడేశారు.

ఒప్పందమైన ఐదేళ్ళకి, 1884లో మొదటి భాగం బయటికొచ్చింది. ఎంతవరకో తెలుసా? "ఎ" నుంచి "యాంట్" దాకా. పదేళ్ళ ప్రాజెక్టులో సగం టైము అయిపోయింది, చీమ దగ్గర ఉన్నారు. ఆ ఏడాదే డిసెంబరులో లండన్‌లో బ్రౌన్ గారు కన్నుమూశారు.

డిక్షనరీ 1928లో పూర్తయింది. నాలుగు లక్షల పద్నాలుగు వేల పైచిలుకు మాటలు, పద్దెనిమిది లక్షల ఉదాహరణలు. మరే అది చూడలేదు, 1915లోనే పోయాడు. ఆయన చివరి ఏళ్ళలో పనిచేసిన అక్షరం "టి". అంటే టేక్ అనే మాటకీ, టైమ్ అనే మాటకీ అర్థాలు కూర్చింది ఆ ముసలాయనే. ఆ పేజీలు దిద్దుతున్నప్పుడు ఆయనకి ఏమనిపించి ఉంటుందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. పని లేటైందని ప్రెస్‌వాళ్ళు ఆయన్ని ఏళ్ళ తరబడి సతాయించారు. కానీ ఈ ఆలస్యం వేరు, దీన్ని ఛాన్సరీతో కలిపి చూడకూడదు. మరే పని చేస్తూ ఉండగా టైము పట్టింది. ఛాన్సరీలో, మా తాతయ్య ఆఫీసులో, ఫైలు ఒక బల్ల మీద కూర్చుని ఉండగా టైము పట్టింది. భాషలో రెండింటికీ ఒకటే మాట ఉండటం అన్యాయం.

పెద్దయ్యాక నేను "ఇన్ డ్యూ కోర్స్"ని విడదీసి చూశాను. డ్యూ అంటే బాకీ. డెట్ అనే మాట ఏ లాటిన్ వేరు నుంచి వచ్చిందో ఇదీ అక్కడి నుంచే. కోర్స్ అంటే లాటిన్‌లో పరుగు. అంటే మాటకి మాట చూస్తే అది బాకీ ఉన్న పరుగు! వేగం లేని చోట పెట్టుకున్న మాటలో పరుగు ఉంది, డబ్బు ఇవ్వని ఉత్తరంలో బాకీ ఉంది. ఎరియర్స్ అనే మాటలో అయితే వెనక అని ఉంది, రేర్ వ్యూ మిర్రర్‌లో రేర్ ఉంది చూశారా, దానికి చుట్టం. "అండర్ కన్సిడరేషన్"లో నక్షత్రాలున్నాయని కొందరంటారు, చుక్కల్ని పరిశీలించడం అన్న అర్థం నుంచి వచ్చిందని. మా తాతయ్య అర్జీని నిజంగానే చుక్కల్లో పెట్టారు.

ఆయనకి అలాంటి ఉత్తరాలు మొత్తం ఏడు వచ్చాయి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నాకు అనుమానం వచ్చింది. పదో క్లాసు సెలవుల్లో మా ఇంగ్లిష్ సార్‌ని అడిగాను, పేరు చెప్పకుండా, ఎవరిదో అన్నట్టు. "అది ఎప్పుడో చెప్పలేం అని మర్యాదగా చెప్పడంరా" అన్నాడు. ఇంటికొచ్చాను. తాతయ్యకి చెప్పలేదు. నాలుగో ఉత్తరం వచ్చినప్పుడు కూడా "త్వరలోనేనంట తాతయ్యా" అన్నాను. అర్థం తెలిశాక చెప్పిన మొదటి అబద్ధం అది. తర్వాత ఇంకో మూడు సార్లు చెప్పాను. సూన్ అర్థాన్ని జార్చిన వెయ్యేళ్ళ జనంలో నేనూ ఒకణ్ణి అన్నమాట. ఆయన ప్రతిసారీ సరే అని ఉత్తరాన్ని మడతపెట్టి, గుడ్డసంచీలో పెట్టి, దూలానికి తగిలించేవాడు. నన్ను నమ్మాడో, నా ముఖం చూసి నమ్మినట్టు ఊరుకున్నాడో నాకిప్పటికీ తెలీదు.

ఆయన పోయిన పదకొండు నెలలకి ఎనిమిదో ఉత్తరం వచ్చింది. ఎరియర్స్ మంజూరయ్యాయి. వారసురాలిగా నాయనమ్మ మరణ ధ్రువపత్రం, ఇంకో నాలుగు కాగితాలు పెట్టుకోవాలి. పెట్టుకున్నాక చెల్లింపు జరుగుతుంది, ఎప్పుడు అంటే, ఇన్ డ్యూ కోర్స్.

నాయనమ్మ వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. "ఏమంటున్నారు అబ్బాయ్? ఇప్పుడే ఇస్తారంటనా?" అంది.

"లేదు నాయనమ్మా. టైము పడుతుంది" అన్నాను.

"పట్టనీలే" అని ఉత్తరం తీసుకుని, లేచి వెళ్ళి ఆ సంచీలోనే పెట్టింది.

డబ్బు రావడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది.